టాలరెన్స్ టైట్ చేస్తే రేటు ఎంత పెరుగుతుందో ముందే ఎలా లెక్కేస్తారు?

డిజైన్_పిల్లోడు:
కన్వేయర్‌కి డ్రైవ్ షాఫ్ట్ గీశాను. ఈఎన్8 స్టీలు, 32 ఎంఎం లావు, పొడవు 180, రెండు చివర్లా లావు 25కి దించి 6205 సైజు బేరింగులు. 50 పీసులు కావాలి. బాలానగర్‌లో ఇద్దర్ని అడిగితే ఒకాయన పీసుకి 420 అన్నారు, ఇంకొకాయన 900. ఈ రెండో ఆయన డ్రాయింగ్ అటూ ఇటూ తిప్పి చూసి "ఏం బాబూ, దీన్ని విమానంలో పెడతారా?" అన్నారు. సేఫ్‌గా ఉంటుందని అన్ని కొలతలకీ టాలరెన్స్ (కొలత అటూ ఇటూ ఎంత తేడా రావచ్చో అది) ప్లస్ ఆర్ మైనస్ 0.01 ఎంఎం పెట్టేసిన మాట నిజమే. టాలరెన్స్‌కి ఎంత పడుతుందో ముందే అంచనా వేసి చూపించమని మా మేనేజర్ పట్టు. ఫార్ములా ఏదైనా ఉందా అన్నా?

లేత్_షెడ్డు:
420 చెప్పినాయన టాలరెన్స్ చదవలేదు తమ్ముడూ, అంతే. పుస్తకాల్లో టాలరెన్స్ తగ్గేకొద్దీ ఖర్చు పెరిగే నున్నటి గీత ఉంటుంది కానీ షెడ్డులో అది మెట్లలాగా ఉంటుంది, మిషన్ మారిన చోటల్లా ఒక మెట్టు. బేరింగ్ సీటుకి (బేరింగ్ ఎక్కే చోటుకి) కే6 అనే టాలరెన్స్ గ్రేడు అంటే 25 మీద ప్లస్ 0.002 నుంచి 0.015 వరకు, మొత్తం 13 మైక్రాన్లు. దానికి గ్రైండింగ్ తప్పదు, ఆ డబ్బు పెట్టాల్సిందే. మధ్యలో 32 దేనికీ తగలదు కదా? వదిలేస్తే బ్రైట్ బార్ (సైజుకి నున్నగా వచ్చే రెడీమేడ్ కడ్డీ) తెచ్చి ముట్టుకోకుండా ఇచ్చేస్తా. నువ్వు 0.01 అంటే ఇంకా లావు బార్ తేవాలి, టర్నింగ్ వేయాలి, గ్రైండింగ్‌కి పంపాలి. ఇక 180 పొడవుకి 0.01 చూసి నవ్వొచ్చింది. లేత్ మీంచి వేడిగా తీసిన ముక్క పది డిగ్రీలు చల్లారితే 0.02 తగ్గుతుంది, నువ్విచ్చిన బ్యాండ్ మొత్తం అదే. నా వెర్నియర్ లీస్ట్ కౌంటే (అది చూపించగల అతి చిన్న కొలతే) 0.02, దేంతో కొలవను?

క్యూసీ_అక్క:
ఫార్ములా వద్దు గానీ ఆపరేషన్లు వరసగా రాసుకో, ఒక్కోదానికి నిమిషాలు, మిషన్ గంట రేటు వేసి మెటీరియల్ కలుపు. అందరూ మర్చిపోయేది రిజెక్షన్. పీసుకి 400 పడి వందలో 8 పోతే మంచి పీసు ఖర్చు 400ని 0.92తో భాగిస్తే వచ్చే 435. పైగా పోయేవి ఎక్కువగా చివరి గ్రైండింగ్‌లోనే పోతాయి, అప్పటికి డబ్బంతా పెట్టేసి ఉంటాం. చెకింగ్ టైమూ వెయ్యి. తర్వాత ఒక్కో టాలరెన్స్ వదులు చేసి అదే షీటు మళ్లీ వెయ్యి, మేనేజర్‌కి ఆ తేడా చూపించు.

పాత_డ్రాఫ్ట్స్‌మన్:
బేరింగ్ మందం 15 కాబట్టి భుజం (32 నుంచి 25కి దిగే మెట్టు) నుంచి భుజానికి 150 వస్తుంది. రెండు బేరింగులూ లాక్ చేస్తే ఆ 150 టైట్‌గానే కావాలి. ఒకవైపుది హౌసింగ్‌లో (బేరింగ్ కూర్చునే గూడులో) జరిగేలా వదిలెయ్యి, అప్పుడు జనరల్ టాలరెన్స్ (విడిగా టాలరెన్స్ రాయని కొలతలకి వర్తించేది) చాలు. దాని స్టాండర్డు ఐఎస్ఓ 2768, అందులో మీడియం గ్రేడులో ఆ కొలతకి ప్లస్ ఆర్ మైనస్ 0.5 ఉంది.

డిజైన్_పిల్లోడు:
ఒకవైపు ఫ్లోటింగ్ చేశాను. పదకొండు 0.01లు ఉండేవి, ఇప్పుడు టైట్‌గా ఉన్నవి రెండు సీట్లే, అవీ కే6. 900 ఆయన కొత్త డ్రాయింగ్ చూసి 560 అన్నారు. 420 ఆయన మళ్లీ 420 అనే అన్నారు 😀