పదమూడేళ్ల కెమిస్ట్రీ బోధన ఔషధ పరిశ్రమలో ఎంతవరకు అక్కరకొస్తుంది?

ప్రశ్న: కెమిస్ట్రీ అధ్యాపకురాలు, దిల్‌సుఖ్‌నగర్

అందరికీ నమస్కారం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, పదమూడేళ్లుగా నగరంలోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. నా వయసు 38. రోజుకు ఆరేడు గంటలు గొంతెత్తి మాట్లాడటం వల్ల స్వరతంత్రుల మీద కాయలు ఏర్పడ్డాయని, మాట్లాడటం బాగా తగ్గించుకోకపోతే గొంతు కోలుకోవడం కష్టమని వైద్యులు హెచ్చరించారు. పాఠం చెప్పడమంటే నాకు ఇప్పటికీ ఇష్టమే కానీ, ఈ పరిస్థితిలో వృత్తి మారక తప్పడం లేదు.

గత నాలుగు నెలల్లో జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం ప్రాంతాల్లోని ఔషధ కంపెనీల క్యూసీ (క్వాలిటీ కంట్రోల్, అంటే నాణ్యత పరీక్షల) విభాగాలకు 22 దరఖాస్తులు పంపాను. రెండుచోట్ల నుంచి మాత్రమే పిలుపు వచ్చింది. వాటిలో ఒకచోట ఇంటర్వ్యూ చేసిన అధికారి నా రెజ్యూమె చూసి, "మీకు పరిశ్రమ అనుభవం సున్నా కదమ్మా" అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. ఎనిమిదేళ్లుగా మా కళాశాల ప్రయోగశాల బాధ్యత నాదే. రసాయనాల నిల్వ, ద్రావణాల తయారీ, ప్రాక్టికల్ పరీక్షల నిర్వహణ అన్నీ నేనే చూసుకుంటాను. వారాంతపు పరీక్షలకు ప్రశ్నపత్రాలు తయారుచేస్తాను. ఏటా స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్తాను. కొత్తగా చేరిన అధ్యాపకులకు ప్రయోగాలు ఎలా చేయించాలో నేర్పుతాను. ఇవేవీ పరిశ్రమ లెక్కలోకి రావా?

అమీర్‌పేటలోని ఒక కన్సల్టెన్సీ వారు మూడేళ్లు క్యూసీలో పనిచేసినట్టు అనుభవ పత్రం ఇప్పిస్తామని, నలభై వేలు ఇస్తే చాలని అన్నారు. నాకు మనస్కరించలేదు. అయితే అలా చేరినవారు ఎందరో ఉన్నారని తెలిసినవారు చెబుతుంటే మనసు ఊగిసలాడుతోంది. నా అనుభవంలో నిజంగా వెంట తీసుకెళ్లగలిగేది ఏది, వదిలేయవలసింది ఏది, దాన్ని ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి అన్నది ఈ రంగంలో ఉన్నవారు వివరిస్తే కృతజ్ఞురాలిని.

జవాబు 1: క్యూఏ శిక్షణ విభాగం, జీడిమెట్ల

మేడమ్, నేను పదిహేడేళ్లుగా ఒక బల్క్‌డ్రగ్ (మందుల్లో పనిచేసే మూల రసాయనాలు తయారుచేసే) కంపెనీ క్వాలిటీ అస్యూరెన్స్ (క్యూఏ, నాణ్యతకు హామీ పడే) విభాగంలో పనిచేస్తున్నాను. అందులో చివరి ఆరేళ్లు శిక్షణ, డాక్యుమెంటేషన్ చూస్తున్నాను. మీ ప్రశ్న చదివాక నాకు మొదట తోచినది, మీరు దరఖాస్తు చేస్తున్న తలుపు సరైనది కాదేమో అని. క్యూసీ ల్యాబులో హెచ్‌పీఎల్‌సీ (నమూనాలోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరం) మీద పనిచేయడానికి కంపెనీలు సాధారణంగా అప్పుడే చదువు ముగించిన పిల్లలను తక్కువ జీతానికి తీసుకుని తామే తీర్చిదిద్దుకుంటాయి. ఆ వరుసలో నిలబడితే మీ పదమూడేళ్లు మీకు బలం కాకపోగా భారంగా కనిపిస్తాయి. మీ అనుభవానికి నిజంగా విలువ ఉన్నది క్యూఏలోని శిక్షణ, డాక్యుమెంటేషన్ పనుల్లో.

ఎందుకో వివరంగా చెబుతాను. అమెరికాకు మందులు పంపే ఫార్ములేషన్ (మాత్రలు, ఇంజెక్షన్ల వంటి తుది మందులు తయారుచేసే) కంపెనీలకు వర్తించే 21 సీఎఫ్‌ఆర్ 211.25 అనే అమెరికా ప్రభుత్వ నిబంధన ప్రకారం, ఉత్పత్తిలో పాల్గొనే ప్రతి ఒక్కరికీ తాను చేసే పనిలోనూ, తనకు వర్తించే మంచి తయారీ పద్ధతుల్లోనూ శిక్షణ ఉండాలి. ఆ పద్ధతుల శిక్షణను అర్హత ఉన్నవారే, ఒకసారితో సరిపెట్టకుండా తగినంత తరచుగా ఇస్తూ ఉండాలి. మాలాంటి బల్క్‌డ్రగ్ కంపెనీలు పాటించే ఐసీహెచ్ క్యూ7 అనే అంతర్జాతీయ మార్గదర్శకాల్లోనూ ఇలాంటి నియమమే ఉంది. మన దేశంలో 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో మంచి తయారీ పద్ధతులను నిర్దేశించే షెడ్యూల్ ఎంను 2023 డిసెంబరులో సవరించిన తరువాత చిన్న కంపెనీలు కూడా ఈ విషయాన్ని తేలికగా తీసుకోలేని పరిస్థితి వచ్చింది. అంటే పాఠం చెప్పడం, ఆ పాఠం అర్థమైందో లేదో పరీక్షించడం, ఆ పరీక్షకు రికార్డు ఉంచడం అనేవి మా పరిశ్రమలో రోజువారీ పనులు. చాలా కంపెనీల్లో ఈ పని బలహీనంగా జరుగుతుంది, ఎందుకంటే దాన్ని చేస్తున్నవారు కెమిస్టులే తప్ప బోధన తెలిసినవారు కారు. ఎస్‌ఓపీ (పని ఎలా చేయాలో దశలవారీగా రాసిన) కాగితాన్ని అందరి చేతా చదివించి, "చదివాను, అర్థమైంది" అని సంతకం పెట్టించుకుంటే పని అయిపోయిందనుకుంటారు. ఆడిటర్ వచ్చి రియాక్టర్ దగ్గర ఉన్న ఆపరేటర్‌ను రెండు ప్రశ్నలు అడిగితే ఆ సంతకం విలువ ఎంతో తేలిపోతుంది. ఒక విద్యార్థికి అర్థం కాలేదని వాడి ముఖం చూసి గ్రహించగలగడం, అదే విషయాన్ని మరో దారిలో చెప్పగలగడం, బట్టీ పట్టి రాసిన జవాబుకూ అర్థమై రాసిన జవాబుకూ తేడా తెలిసేలా ప్రశ్న వేయగలగడం మీకు ఉన్నాయి. మాకు కావలసినవి అవే.

స్పాట్ వాల్యుయేషన్ గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు కానీ, నా దృష్టిలో మీ రెజ్యూమెలో ముందు వరుసలో ఉండవలసినది అదే. అక్కడ అసిస్టెంట్ ఎగ్జామినర్ దిద్దిన పత్రాల్లో కొన్నిటిని చీఫ్ ఎగ్జామినర్ మళ్లీ చూస్తారు, ప్రతి జవాబుకూ మార్కులు పడ్డాయా, కూడిక సరిగా ఉందా అని స్క్రూటినైజర్ పరిశీలిస్తారు. మా దగ్గర బ్యాచ్ రికార్డును (ఒక విడత మందు తయారీలో జరిగిన ప్రతి పనినీ నమోదు చేసే పత్రాన్ని) ఉత్పత్తి విభాగంలో ఒకరు నింపుతారు, మరొకరు సరిచూస్తారు, ఆపైన క్యూఏ సమీక్షించి బ్యాచ్‌ను విడుదల చేస్తుంది. ఒకరు చేసిన పనిని మరొకరు నిర్ణీత కొలమానంతో, నిర్ణీత గడువులో, సంతకంతో బాధ్యత తీసుకుని పరిశీలించడం రెండు చోట్లా ఉంది. "స్పాట్ వాల్యుయేషన్‌లో పాల్గొన్నాను" అని రాస్తే మా హెచ్‌ఆర్ వారికి ఏమీ అర్థం కాదు. "నిర్ణీత మూల్యాంకన సూత్రాల ప్రకారం, పై స్థాయి పునఃపరిశీలనకు లోబడి, రోజువారీ లక్ష్యంతో పత్రాలను సమీక్షించిన అనుభవం ఇన్నేళ్లు" అని రాస్తే క్యూఏ మేనేజర్ ఆగి చదువుతారు. అలాగే "ల్యాబ్ ఇన్‌ఛార్జి" అన్న రెండు మాటల స్థానంలో ఏయే రసాయనాలు నిల్వ చేశారు, లేబుళ్లు ఎలా రాశారు, గాఢ ఆమ్లాలను ఎవరి అందుబాటులో ఉంచారు, స్టాక్ రిజిస్టరు ఎలా నిర్వహించారు అన్నవి రాయండి.

వదిలేయవలసినది కూడా ఒకటుంది, దాని గురించి కచ్చితంగా చెప్పాలి. మన కళాశాలల్లో పిల్లలు ప్రయోగం చేసేటప్పుడు రీడింగులు చిత్తు కాగితం మీద రాసుకుని, ఇంటికి వెళ్లి రికార్డు పుస్తకంలో అందంగా ఎక్కిస్తారు. ఆ అందానికి మనం మార్కులు కూడా వేస్తాం. ఔషధ పరిశ్రమలో అది పెద్ద తప్పు. మా దగ్గర ఆల్‌కోవా అనే సూత్రం ఉంది: రాసింది ఎవరో తెలియాలి, చదవడానికి వీలుగా ఉండాలి, పని జరిగిన క్షణంలోనే రాయాలి, అసలు ప్రతే ఉండాలి, ఉన్నది ఉన్నట్టు ఉండాలి. తప్పు పడితే ఒక్క గీతతో, కింది అంకె కనిపించేలా కొట్టివేసి, కారణం రాసి, సంతకం, తేదీ వేయాలి. చిత్తు కాగితం చించి చెత్తబుట్టలో వేస్తే అది డేటాను నాశనం చేయడం కిందికి వస్తుంది. ఈ అలవాటు మార్చుకోవడానికి లెక్చరర్లకు కొంత కాలం పడుతుందని నా అనుభవం. మా విభాగంలో చేరిన ఒక మాజీ అధ్యాపకుడు మొదటి నెలలో లాగ్‌బుక్‌ను "శుభ్రంగా" తిరగరాయబోతే చేయి పట్టుకుని ఆపవలసి వచ్చింది. మీరు ఇంటర్వ్యూలో ఈ తేడా మీకు తెలుసని మీరే ముందుగా చెబితే అదే సగం పని చేస్తుంది.

నకిలీ అనుభవ పత్రం జోలికి దయచేసి వెళ్లవద్దు. కళాశాలలో మీకు పీఎఫ్ కడుతుంటే మీ యూఏఎన్ (పీఎఫ్ ఖాతా సంఖ్య) పాస్‌బుక్‌లో ఏ నెలలో ఏ సంస్థ చందా కట్టిందో కనిపిస్తుంది. ఆ మూడేళ్లూ కళాశాల పేరే ఉంటుంది కాబట్టి వెరిఫికేషన్‌లో దొరికిపోవడానికి ఎంతోసేపు పట్టదు. అంతకంటే ముఖ్యమైనది, రికార్డుల నిజాయితీని కాపాడటమే ఉద్యోగమైన విభాగంలోకి తప్పుడు రికార్డుతో అడుగుపెట్టి మీరు ఒక్కరోజు కూడా నిశ్చింతగా పనిచేయలేరు.

గొంతు విషయం: శిక్షణ విభాగంలో కూడా మాట్లాడాలి, అయితే ఎక్కువ సమయం రాతపనికే పోతుంది. పది పదిహేను మంది ఉన్న గదిలో గంటసేపు చెప్పడం, వంద మంది ఉన్న తరగతిలో ఆరు గంటలు చెప్పడం వంటిది కాదు. అయినా వైద్యుల సలహా తీసుకున్నాకే నిర్ణయించుకోండి.

జవాబు 2: వృక్షశాస్త్రం నుంచి మెడికల్ కోడింగ్‌కు

నేను తొమ్మిదేళ్లు బోటనీ చెప్పి, ఆ తరువాత మెడికల్ కోడింగ్‌లోకి (వైద్యుడు రాసిన జబ్బులు, చికిత్సల వివరాలకు నిర్ణీత కోడ్‌లు వేసే పనిలోకి) మారి, ప్రస్తుతం మాదాపూర్‌లో పనిచేస్తున్నాను. పై మిత్రులు చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తూనే, ఒక హెచ్చరిక చేర్చాలనుకుంటున్నాను. మీకు ఎవరో ఒకరు తప్పకుండా మెడికల్ కోడింగ్ కోర్సు సూచిస్తారు, ఎందుకంటే అమీర్‌పేటలో దాని బోర్డులు కనిపించని వీధి లేదు. మీ కెమిస్ట్రీ అక్కడ దాదాపు అక్కరకు రాదు. శరీర నిర్మాణం, వైద్య పరిభాష మొదటి నుంచి నేర్చుకోవాలి. నాకు జీవశాస్త్రం నేపథ్యం ఉండి కూడా ఎనిమిది నెలలు పట్టింది.

ఒక వృత్తిలోని నేర్పు మరో వృత్తిలోకి ఎలా మారుతుందో మాత్రం నా అనుభవం నుంచి చెప్పగలను. సీపీసీ అనే మెడికల్ కోడింగ్ అర్హత పరీక్షలో నాలుగు గంటల్లో వంద ప్రశ్నలకు జవాబు రాయాలి, కోడ్ పుస్తకాలు ఎదురుగా పెట్టుకోవచ్చు. పాఠాలన్నీ కంఠస్థం చేసిన నా జ్ఞాపకశక్తి అక్కడ పెద్దగా ఉపయోగపడలేదు. లావాటి పుస్తకంలో కావలసిన పేజీని, ఆ పేజీలోని మినహాయింపును త్వరగా పట్టుకోవడం ఉపయోగపడింది. నేను బలం అనుకున్నది పక్కకు పోయి, అసలు నైపుణ్యమని ఎన్నడూ అనుకోనిది నన్ను గట్టెక్కించింది. ఇంకొక విషయం, జవాబు పత్రాలు దిద్దేటప్పుడు విద్యార్థి ఏమి చెప్పదలచుకున్నాడో ఊహించి అర మార్కు వేయడం మనకు అలవాటు. అది దయగల అలవాటే. కోడింగ్‌లో వైద్యుడు రాయనిదాన్ని ఊహించి కోడ్ వేస్తే అది తప్పు. మొదటి రెండు నెలలు నా ఆడిట్ స్కోరు పడిపోవడానికి కారణం ఆ ఊహే. బ్యాచ్ రికార్డు సమీక్షలో మీకూ ఇదే ఎదురవుతుందని నా అనుమానం: ఆపరేటర్ ఉష్ణోగ్రత రాయడం మరచిపోతే, పక్క గడులు చూసి "బహుశా 65 ఉండి ఉంటుంది" అని మనసు తనంతట తానే నింపేస్తుంది.

జీతం గురించి ఒక్క మాట. నాకు మొదటి ఏడాది మూడో వంతు తగ్గింది. ఐదేళ్లు దాటిన సర్వీసు ఉంది కాబట్టి గ్రాట్యుటీ అడిగి తీసుకోండి. 2009 నాటి సవరణతో అధ్యాపకులకు ఆ హక్కు 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా వచ్చింది. ఈ సంగతి తెలియక నా సహోద్యోగులు కొందరు అడగకుండానే బయటికి వెళ్లిపోయారు.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. చిత్తు కాగితం సంగతి చదివినప్పుడు ఒక ఉదంతం గుర్తుకొచ్చింది. అది ఇంటర్వ్యూలో చెప్పదగినదో కాదో మీరే చెప్పాలి. నాలుగేళ్ల క్రితం ద్వితీయ సంవత్సరం పిల్లలు మోర్ లవణాన్ని పొటాషియం పర్మాంగనేట్‌తో టైట్రేషన్ చేస్తుంటే, ఇరవై నాలుగు మంది రికార్డుల్లోనూ 19.8 మిల్లీలీటర్లే కనిపించింది. అందరికీ ఒకే ద్రావణం ఇచ్చాను కాబట్టి దగ్గరి విలువలు రావడం సహజమే కానీ, బ్యూరెట్ చదవడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు మూడుసార్లూ తేడా లేకుండా రావడం నాకు నమ్మబుద్ధి కాలేదు. తరువాతి వారం ఎవరికీ చెప్పకుండా రెండు వరుసల బల్లలకు కొంచెం పలుచన చేసిన మోర్ లవణం ఇచ్చాను. నా లెక్క ప్రకారం వారికి 18 దగ్గర రావాలి. వారిలో పదకొండు మంది మళ్లీ 19.8 అనే రాశారు. వారిని తిట్టలేదు. అందరినీ పిలిచి, నేను చేసినది చెప్పి, వచ్చిన రీడింగు ఏదైనా పూర్తి మార్కులు ఇస్తానని, కానీ తాము చూసినదే రాయాలని చెప్పాను. ఆ తరువాత రీడింగులు చిందరవందరగా రావడం మొదలైంది, అదే నాకు సంతోషం కలిగించింది.

జవాబు 1 మళ్లీ: క్యూఏ శిక్షణ విభాగం, జీడిమెట్ల

మేడమ్, ఇది తప్పకుండా చెప్పండి. "డేటా కల్పితమని మీరు ఎలా గుర్తిస్తారు?" అన్నది క్యూఏ ఇంటర్వ్యూల్లో తరచుగా అడిగే ప్రశ్న, దానికి చాలామంది పుస్తకంలోని జవాబే చెబుతారు. మీరు అనుమానించారు, పరీక్షించే మార్గం కనిపెట్టారు, కారణం తెలుసుకున్నారు, మళ్లీ జరగకుండా పద్ధతి మార్చారు. మేము కాపా అని పిలిచే దిద్దుబాటు, నివారణ చర్యలు ఈ వరుసలోనే సాగుతాయి. మార్కుల భయమే కల్పిత రీడింగులకు మూలమని గ్రహించి దాన్ని తొలగించడం మరీ ముఖ్యం, ఎందుకంటే ప్లాంటులో కూడా చాలాసార్లు ఆపరేటర్ తప్పు రాయడానికి వెనుక సూపర్‌వైజర్ భయం ఉంటుంది.

మూడు నిమిషాలకు మించకుండా చెప్పడం అభ్యాసం చేయండి. ఏ వరుసకు ఏ గాఢత ఇచ్చారో ఆ రోజు ఎక్కడైనా రాసుకున్నారా అని వారు తప్పక అడుగుతారు. రాసుకుని ఉంటే ఆ నోటుపుస్తకం వెతికి, తేదీ చూసుకుని వెళ్లండి. రాసుకోకపోతే రాసుకోలేదనే చెప్పండి. పిల్లల పేర్లున్న పేజీలు మాత్రం వెంట తీసుకెళ్లవద్దు. దరఖాస్తులో ఈసారి "క్యూఏ, శిక్షణ మరియు డాక్యుమెంటేషన్" అని స్పష్టంగా పేర్కొనండి. కళాశాల నుంచి సర్వీసు సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు ప్రయోగశాల బాధ్యత ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు నిర్వహించారో అందులో రాయించుకోండి.