ప్యాకేజీ లేకుండా కినబతంగన్ నదికి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నమస్కారం అండి. ఏప్రిల్‌లో పది రోజులు మలేషియా వైపు బోర్నియోకి, అంటే సబా రాష్ట్రానికి, ఒక్కడినే వెళ్తున్నాను. కోట కినబాలు నుంచి సండకన్‌కి విమానం, అక్కడికి దగ్గర్లోనే సెపిలోక్, 1964 నుంచి ఒరాంగుటాన్ పిల్లల్ని సాకి మళ్లీ అడవికి అలవాటు చేస్తున్న చోటు, ఇంతవరకు ప్లాన్ తేలిగ్గానే కుదిరింది. చిక్కంతా ఆ తర్వాతే.

కినబతంగన్ నది ఒడ్డున ఉన్న సుకావు ఊళ్లో మూడు రాత్రులు ఉండి పొద్దున్నే, సాయంత్రం పడవలో తిరగాలని ఉంది. పొడుగు ముక్కు కోతులు, హార్న్‌బిల్ పక్షులు, అదృష్టం ఉంటే ఆ చిన్న జాతి ఏనుగులు. నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక ఇది. ప్యాకేజీలో గుంపుతో పరుగులు పెట్టడం ఇష్టం లేదు, ఊరివాళ్ల ఇంట్లోనే దిగి డబ్బు వాళ్లకే చేరితే బాగుంటుంది.

సండకన్ నుంచి సుకావుకి వ్యాన్ ముందే మాట్లాడుకోవాలా, అక్కడికెళ్లాక దొరుకుతుందా? పడవకి ఒక్కడినే ఎంత ఇవ్వాల్సి వస్తుంది, వేరేవాళ్లతో కలిసి పంచుకోవచ్చా? సబాలోనే ఉన్న డానమ్ వ్యాలీ అడవి కూడా ఇందులో కలపొచ్చా, లేక నదికే ఇంకో రెండు రోజులు ఇవ్వడం మేలా? జలగలు పట్టకుండా వేసుకునే సాక్స్ ఇక్కడే కొనాలా? నేను శాకాహారిని, తిండి సంగతి కూడా చెప్పండి. వెళ్లొచ్చినవాళ్లు ఒక్క ముక్క రాసినా చాలా సాయం.