బ్లాకులో కొన్న టికెట్టు చెల్లకపోతే తప్పెవరిది?

ఉప్పల్ వాసి:
పోయిన సీజన్లో మా తమ్ముడు ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ కోసం ఏదో ఫోను గ్రూపులో రెండు టికెట్లు కొన్నాడు. నాలుగు వేలు యూపీఐలో పంపాడు. "మా చెల్లెలికి పెళ్ళిచూపులు పడ్డాయి, వెళ్ళలేకపోతున్నాం, కొన్న ధరకే ఇచ్చేస్తున్నాం" అన్నాడట అమ్మినవాడు. నమ్మకానికి ఆధార్ కార్డు ఫొటో కూడా పంపాడు. టికెట్లు వచ్చాయి. చిత్రమేమిటంటే అవి అసలైనవే. గేటు దగ్గర యంత్రం ఎర్ర దీపం చూపించింది. అక్కడి మనిషి తమ్ముడి ఫోను తెరను తన చొక్కాకే తుడిచి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎరుపే. ఆ బార్‌కోడ్ మీద అప్పటికే ఎవరో లోపలికి వెళ్ళిపోయారు. వెనక నిలబడ్డ మరో కుర్రాడి ఫోనులోనూ అదే సీటు నంబరు! ఒక్క స్క్రీన్‌షాట్‌ను ఎంతమందికి అమ్మాడో మరి. లోపల జనం కేరింతలు కొడుతుంటే వీళ్ళిద్దరూ బయట సీటు నంబర్లు సరిచూసుకున్నారు.

ముక్కూమొహం తెలియనివాడి దగ్గర కొనడమే తప్పంటారు నాన్న. వేరే దారి లేక కొన్నాడంటాను నేను. మీరేమంటారు?

నల్లకుంట, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
నేను మీ నాన్నగారి పక్షమే. ముందు డబ్బిచ్చి తర్వాత సరుకు కోసం ఎదురుచూడడం కూరగాయల బండి దగ్గర చేస్తామా? ఆ ఆధార్ కార్డు అంతకుముందు మోసపోయిన ఏ అమాయకుడిదో అయి ఉంటుంది. మీ తమ్ముడు కూడా తన కార్డు పంపి ఉంటే ఈపాటికి అది ఇంకొకరికి చూపిస్తూ ఉంటాడు.

రెండో విడత కూడా ఉంటుంది, కనిపెట్టి ఉండండి. "పొరపాటైంది, డబ్బు తిరిగి పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కండి" అంటాడు. పిన్ నొక్కేది మన డబ్బు బయటికి పోవడానికి. లోపలికి రావడానికి పిన్ అక్కర్లేదు. యూపీఐ 2016లో వచ్చింది. ఈ ఒక్క ముక్క ఇప్పటికీ జనానికి ఎక్కలేదు.

తార్నాక టీచరమ్మ:
బాబాయిగారూ, కూరగాయలకోసం లక్షమంది ఒకే బండి మీద పడరు కదా! 2022 సెప్టెంబరులో భారత్, ఆస్ట్రేలియా టీ20 టికెట్లను సికింద్రాబాద్ జింఖానా మైదానంలో కౌంటర్లు పెట్టి అమ్మారు. వరుసలో నిలబడ్డవాళ్ళకు మిగిలింది తొక్కిసలాట, ఆసుపత్రి మంచం. వాళ్ళెవరూ బ్లాకులో కొనలేదే!

ఇంకొకటి. నిరుడు మా పాపకు జ్వరం వచ్చి మ్యాచ్‌కు వెళ్ళలేకపోయాను. టికెట్టు వెనక్కి తీసుకోబోమన్నారు. మూడు వేలు నీళ్ళపాలు చేసుకోలేక మా వీధి గ్రూపులో పెట్టాను, కొన్న ధరకే ఇచ్చాను. నాలాంటి నిజం జ్వరాలు ఉన్నాయి కాబట్టే వాడి పెళ్ళిచూపులు చెల్లుతున్నాయి.

కోఠి, ఫోన్ల దుకాణం:
మీరిద్దరూ టికెట్టు దగ్గరే ఆగిపోయారు. డబ్బు ఎటు పోయిందో చూడండి. అమ్మేవాడి పేరు ఒకటి, చెల్లించేటప్పుడు తెర మీద కనిపించే పేరు ఇంకొకటి. అడిగితే "మా బావమరిది ఖాతా" అంటాడు. అది అద్దె ఖాతా. నాలుగు రూపాయలకు ఆశపడి ఖాతా, సిమ్ము, ఏటీఎం కార్డు మూడూ కలిపి అప్పగించే కాలేజీ పిల్లలున్నారు. పోలీసులు ముందు తలుపు తట్టేది ఆ పిల్లల ఇంటిదే.

మ్యాచ్ ఉచితంగా చూడవచ్చన్న లింకు నొక్కి, ఏపీకే ఫైలు, అంటే ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు, దింపుకొని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. అది మెసేజీలు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చారా, ఇక మీ ఓటీపీ వాడికీ చేరినట్లే. వీళ్ళదీ తప్పేనా బ్యాంకుగారూ?

నల్లకుంట, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
తప్పే. ఉచితం అనగానే వేలు లింకు మీదికి పోవడం ఆశ కాక మరేమిటి?

ఉప్పల్ వాసి:
ఒక సంగతి దాచాను. ఆ రాత్రి తమ్ముడు ఇంట్లో ఏమీ చెప్పలేదు. మ్యాచ్ ఎలా ఉందని నాన్న అడిగితే బ్రహ్మాండమన్నాడు. బస్సులో వస్తూ ఫోనులో స్కోరు చూసుకున్నట్లున్నాడు, మూడు సిక్సర్లు కళ్ళకు కట్టినట్లు వర్ణించాడు కూడా! నాలుగో రోజు బయటపెట్టాడు. అప్పుడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాం. ఫిర్యాదు తీసుకున్నారు, కానీ డబ్బు ఎప్పుడో చేతులు మారిపోయింది. వెంటనే చేసి ఉంటే ఆ ఖాతాలోనే ఆపించే వీలుండేదట. ఎందుకు చెప్పలేదురా అంటే, "నీకు బుద్ధి లేదా అంటారని" అన్నాడు. అందుకే నేను మీ పక్షం రాలేనండీ. ఆ నాలుగు రోజులు తిన్నది దొంగ కాదు, మా ఇంటి మాటే.

నల్లకుంట, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
మా కౌంటరుకూ వచ్చేవారు అలాంటివాళ్ళు. ముందు పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించుకునేవారు. తర్వాత అరగంట బల్ల మీద ఊరికే కూర్చునేవారు. మేము భోజనానికి లేస్తుంటే అప్పుడు నోరు విప్పేవారు. విసుక్కున్నాను కూడా. ఆ అరగంట ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. అయినా కొనడం తప్పే.

తార్నాక టీచరమ్మ:
సరే, తప్పే అనుకుందాం. వచ్చే సీజన్లో నాకు టికెట్లుండి వెళ్ళలేకపోతే మీ తమ్ముడికే ఇస్తాను. గేటు దాకా నేనే వస్తాను, లోపలికి వెళ్ళాకే డబ్బు.

ఉప్పల్ వాసి:
వాడికి చెప్పాను. స్క్రీన్‌షాట్ మాత్రం పంపవద్దన్నాడు.