లైబ్రరీ సెస్సు కడుతూనే ఉన్నాం, మరి బస్తీకి లైబ్రరీ ఏది?

కుట్టుమిషన్: ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సే. మా బస్తీ నుంచి హైదరాబాద్ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి మాత్రం రెండు బస్సులు మారాలి. ఆరో తరగతి చదివే మా పాప బడి పుస్తకం తప్ప ఇంకోటి పూర్తిగా చదివింది లేదు. బస్తీలో చిన్న శాఖ పెడితే ఏం పోయింది?

గ్రూప్స్_అభ్యర్థి: పెడితే ఎవరొస్తారక్కా? చిక్కడపల్లిలో కుర్చీ దొరక్క మెట్లమీద కూర్చుని చదువుతున్నాం. ముందు ఉన్నచోట కుర్చీలు పెంచాలి.

మెట్రోమిత్ర: చిక్కడపల్లిలో మెట్రో స్టేషన్ ఉంది కదా, రెండు బస్సులెందుకు?

పాతబీరువా: అక్కడ లైబ్రరీ పుస్తకం తెరిచేవాళ్లెందరు? ఎవరి కోచింగ్ మెటీరియల్ వాళ్లు తెచ్చుకుంటారు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు వేసి కాలువ వెంట ఊళ్లకు పంపారు. ఇప్పుడు నగరంలోనే బస్తీకి పుస్తకం చేరడం లేదు.

గ్రూప్స్_అభ్యర్థి: తీసిపారేయకండి సార్. రూములో ఆరుగురం ఉంటాం, పుస్తకం తెరవడానికి చోటుండదు. ఐదు రూపాయల భోజనం తిని రాత్రిదాకా అక్కడే చదువుకుంటా. మాదీ పాలమూరు కూలీల ఇల్లే. ప్రైవేటు స్టడీ హాలుకు డబ్బెక్కడిది?

మెట్రోమిత్ర: మెట్రో సంగతి చెప్పలేదు.

కుట్టుమిషన్: మెట్రోలో ఇద్దరికి రానూపోనూ టికెట్లు లెక్కేయన్నా. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కాబట్టి వెళ్లగలుగుతున్నాం.

ఇంటిపన్ను: సెస్సు కట్టేది ఇళ్లున్న మేము. మీ బస్తీలో ఎంతమంది కడతారు? కట్టినచోటే ఖర్చుపెట్టాలి.

కుట్టుమిషన్: నేను కట్టే కిరాయిలోంచే కదా మా ఓనరు పన్ను కడుతున్నాడు! పోయిన ఎండాకాలం పాపను ఒక శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్లా. కార్డు అడిగితే డిపాజిట్ కట్టి, ఇంటిపన్ను కట్టేవాళ్ల సంతకం తెమ్మన్నారు. ఓనరును బతిమాలా. పుస్తకం పోతే తన మీదకొస్తుందని పెట్టలేదు. మళ్లీ వెళ్లి అడిగితే సంతకం లేకుండా కుదరదన్నారు. అప్పటికి పాప బొమ్మల పుస్తకం సగం చదివింది, పేజీలో వేలు పెట్టుకుని నిలబడింది. బల్లమీద పెట్టేసి రమ్మన్నా. బస్సెక్కేదాకా నాతో మాట్లాడలేదు.

ఇంటిపన్ను: పుస్తకం పోతే ఎవరో ఒకరు పూచీ ఉండాలి కదమ్మా. రూల్ ఊరికే పెట్టలేదు.

పాతబీరువా: పూచీకి డిపాజిట్ ఉంది కదండీ. ఆపైన సొంతిల్లున్న మనిషిని తెమ్మంటే, కిరాయివాళ్లు రావద్దని చెప్పినట్టే. అసలు కార్పొరేషన్ వసూలు చేసిన సెస్సే గ్రంథాలయ సంస్థకు పూర్తిగా జమ కావడం లేదని ఏళ్లుగా పేపర్లు రాస్తున్నాయి. దాన్నెవరూ అడగరు.

గ్రూప్స్_అభ్యర్థి: సంతకం సంగతి నాకు తెలీదక్కా. నా పుస్తకాలు నేనే తెచ్చుకుంటా, కార్డు అవసరమే పడలేదు. కానీ దాచుకోకుండా చెప్తున్నా, డబ్బొస్తే బస్తీ శాఖకా, మా కుర్చీలకా అంటే కుర్చీలకే అంటా. నాకు ఇంకొక్క నోటిఫికేషన్‌కే వయసుంది.

కుట్టుమిషన్: నీ కుర్చీ తీసెయ్యమని నేననలేదు తమ్ముడూ. పిల్లలకూ ఒక బల్ల వెయ్యమంటున్నా. ఇక్కడ ఇంటిపన్ను రసీదు ఉన్నవాళ్లు ఎవరైనా పాప కార్డుకు సంతకం పెడతారా? పుస్తకం పోతే డబ్బు నేనే కడతా.