వేడెక్కితే క్లచ్ వదలని పాత బుల్లెట్: ఏం చూడాలి?

నమస్కారం అండీ. మాది విజయవాడ భవానీపురం. నాన్నగారు వాడిన 1984 మోడల్ బుల్లెట్ 350 నా దగ్గరుంది. కాస్ట్ ఐరన్ ఇంజిన్, నాలుగు గేర్లు, గేరు కుడికాలికి. చల్లగా ఉన్నంతసేపు బుద్ధిగానే నడుస్తుంది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ చేరేసరికి వేడెక్కి, క్లచ్ పూర్తిగా నొక్కి పట్టినా ముందుకు పాకుతూనే ఉంటుంది. న్యూట్రల్ అస్సలు పడదు. ఇంజిన్ ఆపేస్తే మాత్రం టక్కున పడుతుంది. మొన్న వెనక ఆటోల హారన్ల మధ్య నాకు పట్టిన చెమటలు ఎండ వల్ల కాదు.

ఆటోనగర్‌లో ఒక మెకానిక్ కొత్త క్లచ్ ప్లేట్లు వేసి, కేబుల్ బిగించి పంపాడు. దాంతో దుర్గ గుడి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది గానీ బండికి ఊపు రాదు. నేనే కేబుల్ వదులు చేసి, లివర్ దగ్గర 2, 3 మి.మీ. ఫ్రీ ప్లే (కేబుల్ లాగకముందు లివర్ ఖాళీగా కదిలే దూరం) ఉంచాను. క్లచ్ జారడం తగ్గింది, బండి పాకడం తిరిగొచ్చింది.

నిన్న ప్రైమరీ కవర్ (క్లచ్ మీది మూత) విప్పి, మా అబ్బాయిని లివర్ నొక్కమని చూశాను. క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు సమంగా లేవట్లేదు. గిన్నె మీద మూత ఓ పక్కనే ఎత్తినట్టు, పైవైపు ముందు లేస్తోంది, కిందివైపు అతుక్కునే ఉంది. మూడు స్ప్రింగ్ స్క్రూలను కొద్దికొద్దిగా తిప్పి సరిచేయాలా, లేక స్టీల్ ప్లేట్లు వంగి ఉంటాయా? ప్లేట్లు కూర్చునే క్లచ్ డ్రమ్ము గాడుల్లో ప్లేట్ల చెవులు కొట్టిన గంట్లు వేలికి తగులుతున్నాయి. ఆకురాయితో నునుపు చేయొచ్చా? ప్రెషర్ ప్లేటును తోసే పుష్ రాడ్ ముందు సర్దాలా, కేబులా?

ఇలాంటి బండి స్వయంగా విప్పినవాళ్లు చెప్పండి. ప్లేట్లు మార్చమనే సలహా మాత్రం వద్దు, ఆ ఖర్చు అయిపోయింది.