లేబర్ రూమ్‌లో స్టెరైల్ (క్రిములు లేకుండా చేసిన) సెట్లు ఎప్పుడూ రెడీగా ఉండాలంటే ఏం చేస్తున్నారు?

కొత్తగా_వచ్చిన_స్టాఫ్‌నర్స్
ఈమధ్యే ఒక సీహెచ్‌సీకి (కమ్యూనిటీ హెల్త్ సెంటర్) బదిలీ మీద వచ్చాను. ఇక్కడ కత్తెరలు, ఆర్టరీ ఫోర్సెప్స్ (బిగించి పట్టే పటకార్లు), గాజ్ గుడ్డ, కాటన్ అన్నీ కలిపి ఒకే పెద్ద డ్రమ్ములో వేసి ఆటోక్లేవ్ (ప్రెషర్ ఆవిరితో క్రిములు చంపే మిషన్) చేస్తారు. అదీ రోజుకి ఒక్కసారే, ఓపీ అయ్యాక. రాత్రి రెండో కేసు దాకా పర్వాలేదు, మూడోది వచ్చిందంటే టెన్షనే. కడిగి మరిగించి వాడెయ్యమంటున్నారు పాతవాళ్లు. నాకు మనసొప్పడం లేదు. కొత్త మిషన్‌కి ఇండెంట్ పెట్టాం, అది వచ్చినప్పుడు చూద్దాం. ఉన్నదాంతో ఎలా నెట్టుకురావాలో చెప్పండి.

ఏరియాహాస్పిటల్_అక్క
అసలు చిక్కు మీ మిషన్‌తో కాదమ్మా, ఆ డ్రమ్ముతో. మొదటి కేసుకి మూత తీశారంటే మిగతా సామానంతా తెరిచినట్టే. ఇక ప్రతి కేసుకీ అందులో చీటిల్ ఫోర్సెప్స్ (సామాను తీసే పొడవాటి పటకారు) పెట్టి వెతుకుతుంటారు. మేము ఆ పద్ధతి మానేసి, ఒక కాన్పుకి ఒక మూట చేస్తున్నాం: రెండు ఆర్టరీ ఫోర్సెప్స్, బొడ్డు కోసే కత్తెర, స్పాంజ్ హోల్డర్, గిన్నె, గాజ్ గుడ్డ, ప్యాడ్లు. రెండు పొరల గుడ్డలో చుట్టి, టేపు మీద తేదీ, చేసినవాళ్ల సంతకం. ఎపిసియోటమీ (కాన్పు దారి దగ్గర కోసి కుట్లు వేయడం) సెట్ వేరే మూట. కుట్లు పడని కాన్పుకి అది విప్పక్కర్లేదు కదా.

ఎన్ని మూటలు కావాలో సగటు చూసి లెక్కేయకండి. రిజిస్టర్ తిరగేసి, బాగా రద్దీగా ఉన్న రాత్రి ఎన్ని కాన్పులయ్యాయో చూడండి. దాని మీద ఇంకో రెండు. కొత్తవి అల్మరాలో వెనక్కి, పాతవి ముందుకి. డ్యూటీ అప్పగించేటప్పుడు మందులతో పాటు మూటలు కూడా లెక్కపెట్టి సంతకం పెట్టించుకోండి. మొదట్లో మావాళ్లు సణిగారు, ఇప్పుడు లెక్క తేలకపోతే వాళ్లే అడుగుతున్నారు.

సీఎస్‌ఎస్‌డీ_టెక్నీషియన్
అక్క చెప్పింది కరెక్ట్. మూటలకి మారితే టైమ్ కూడా మారుతుందని గుర్తుపెట్టుకోండి. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ప్రెషర్ దగ్గర చుట్టని సామానుకి 20 నిమిషాలు, చుట్టినదానికి 30. ఆ వేడి అందాక లెక్క మొదలు, స్విచ్ వేసినప్పటి నుంచి కాదు. ఫోర్సెప్స్ తెరిచి పెట్టండి. మూటలు కుక్కితే ఆవిరి లోపలికి పోదు.

మూటకి అంటించే ఆటోక్లేవ్ టేపు మీద గీతలు నల్లబడ్డాయి కాబట్టి స్టెరైల్ అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. ఆ మూట వేడిలోకి వెళ్లొచ్చిందని మాత్రమే టేపు చెబుతుంది. ఇంకోటి, తొందరలో మూత తీసి తడి మూటలు అల్మరాలో పెట్టేస్తారు. తడి గుడ్డలోంచి క్రిములు లోపలికి పోతాయి. తడిసిన మూట మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే, తేదీ ఏదైనా సరే.

పీహెచ్‌సీ_డాక్టర్
మరిగించే విషయం: 20 నిమిషాలు ఉడికించినా స్పోర్లన్నీ (గట్టి పెంకులో దాక్కునే క్రిముల రూపం) చావవు. బొడ్డు కోసే కత్తెర దగ్గర ధనుర్వాతం స్పోరు గురించే భయం. పుట్టిన పిల్లల్లో ధనుర్వాతాన్ని దేశం అదుపు చేసిందని 2015లో ప్రకటించారంటే, శుభ్రమైన కాన్పు, టీకా రెండూ కారణమే. ఇక వేరే దారే లేని పూట తప్ప మరిగించడాన్ని అలవాటు చేసుకోకండి. మా దగ్గర కరెంటు పోతే గ్యాస్ స్టవ్ మీద పెట్టే కుక్కర్ రకం ఆటోక్లేవ్ ఉంది. చిన్నదే, రెండు మూటలు పడతాయి. రాత్రి గట్టెక్కడానికి చాలు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
వాడిన సామాను ముందు 0.5 శాతం క్లోరిన్‌లో 10 నిమిషాలు నానబెట్టమని మా గోడ మీద పోస్టర్ ఉంది. లీటరు నీళ్లకి మూడు చెంచాల బ్లీచింగ్ కలుపుతాం. మరి కత్తెరలన్నీ తుప్పు పడుతున్నాయి?

సీఎస్‌ఎస్‌డీ_టెక్నీషియన్
నన్నడిగితే ఆ నానబెట్టడం వద్దు సిస్టర్. కడగకముందు క్లోరిన్‌లో వేయొద్దని డబ్ల్యూహెచ్‌వో 2016లోనే చెప్పింది. రక్తం తగిలితే క్లోరిన్ పవర్ పోతుంది, ఇనుము పాడవుతుంది. మందపాటి గ్లౌజులు, ఏప్రన్, కళ్లద్దాలు వేసుకుని, డిటర్జెంట్ నీళ్లలో ముంచి బ్రష్‌తో కడగండి, రక్తం ఎండకముందే. ఆయమ్మకి ఆ గ్లౌజులు ఇవ్వకుండా కడగమంటే మాత్రం తప్పు మనదే.

పీహెచ్‌సీ_డాక్టర్
పోస్టర్ మార్చేదాకా ఇన్‌స్పెక్షన్‌లో మార్కులు పోస్టర్ ప్రకారమే పడతాయి, అదీ తిప్పలు. మీ జిల్లా క్వాలిటీ వాళ్లతో మాట్లాడి రాతపూర్వకంగా తీసుకోండి.

కొత్తగా_వచ్చిన_స్టాఫ్‌నర్స్
అందరికీ థాంక్స్. ఈ వారం పాత సర్జికల్ షీట్లు కుట్టించి మూటలు మొదలుపెడతా. బేబీ ట్రే కూడా మూట కట్టాలా?

ఏరియాహాస్పిటల్_అక్క
బొడ్డు క్లాంపు, మ్యూకస్ ఎక్స్‌ట్రాక్టర్ (బిడ్డ నోట్లో గళ్ల లాగే గొట్టం) స్టెరైల్ ప్యాకెట్లలోనే వస్తాయి, వాటి ఎక్స్‌పైరీ చూస్తే చాలు. టవళ్లు రెండు వార్మర్ కింద వెచ్చగా ఉంచండి. అంబూ బ్యాగ్ (బిడ్డకి ఊపిరి అందించే సంచి), దాని 0, 1 సైజు మాస్కులు ప్రతి డ్యూటీలో అరచేతికి నొక్కి చూడండి. ఆక్సిటోసిన్ (కాన్పయ్యాక రక్తస్రావం ఆపే ఇంజెక్షన్) మాత్రం ట్రేలో వదిలేయకండి, ఫ్రిజ్‌లోనే ఉండాలి.