అప్‌డేట్: షుగర్ చెకప్‌కి వెళ్తే తిట్టి పంపారని అడిగింది నేనే

గుర్తుందా, టైప్ టూ షుగర్, హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్షలో 9.1 వచ్చిందని నర్సు అందరి ముందూ "నోరు కట్టుకోకపోతే మేమేం చేస్తాం" అంది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో విరేచనాలు అవుతున్నాయంటే డాక్టరు తలెత్తకుండా మళ్లీ అదే రాసేశాడు, ఏం చెయ్యాలి అని అడిగా.

మీలో ఒకరు చెప్పినట్టే పది రోజులు తినకముందు, తిన్న రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో చూసి, ఏం తిన్నానో కూడా పాత లెక్కల పుస్తకంలో రాశా (స్ట్రిప్పుల ఖర్చు మాత్రం అడక్కండి). మా వదినని తోడు తీసుకుని అక్కడికే పట్టుకెళ్తే ఆ నర్సే "ఇదంతా ఎవరు రాయమన్నారు" అంది. ఇంక చాలనుకుని వేరే డాక్టరమ్మ దగ్గరికి పోయా. ఆవిడ పసుపు మరకలున్న పేజీ మీద వేలు పెట్టి "ఉప్మా తిన్న రోజు 248, ఉత్త పెసరట్టు తిన్న రోజు 172, చూశావా అమ్మా" అంది. అంతే, ఒక్క మాట తిట్టలేదు. మందు కూడా మెల్లగా కరిగే రకం రాసి, భోజనంతోనే వేసుకోమంది, వారానికి కడుపు సర్దుకుంది.

మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయిస్తే 7.6! ఆ టెస్ట్ రెండు మూడు నెలల సగటు చూపిస్తుందంట, రెండేళ్లుగా నాకెవరూ చెప్పలేదు.

కంప్లైంట్ ఇవ్వమన్నారు కదా, ఇవ్వలేదు, నిజం చెప్పాలంటే ఓపిక లేదు, పైగా చిన్న ఊరు, రేపు అర్ధరాత్రి జ్వరమొస్తే మళ్లీ అక్కడికే పోవాలి. పాత రిపోర్టులు మాత్రం రెండుసార్లు తిరిగి తెచ్చుకున్నా. కిడ్నీకని యూరిన్ టెస్ట్ అయింది, కళ్ల టెస్ట్ సోమవారం.